కిటికీలోంచి వేసిన తువ్వాలు

ఎప్పుడో మరాఠా దేశం నుంచి వలసొచ్చినోళ్ల ఊరు ఆరెకొండ. ఆ కొండ మీదికి దినానికి ఒకటే బస్సు. అందుకే కళ్యాణదుర్గం బస్టాండులోకి బస్సు తిరుగుతాండగానే కంబదూరు ఈరన్న దాని వెంబడి పరిగెత్తి, కిటికీలోంచి తన తువ్వాలు సీటు మీదికి విసిరినాడు. తువ్వాలు పడిందంటే సీటు మనదే. ఈ సీమలో ఎమ్మెల్యే అయినా దాన్ని కాదనడు.

జనాన్ని తోసుకోని ఎక్కి చూస్తే ఆ సీట్లో ఒక ముసలామె కూర్చోని ఉండాది. తువ్వాలు ఆమె ఒళ్లో నాలుగు మడతలు పెట్టి ఉండాది.

“ఏమ్మా, ఆ తువ్వాలు నాది. లెయ్,” అన్నాడు ఈరన్న.

“నీదేనా నాయనా? మాసిపోతాదని మడిచి పెట్టినా,” అని ఆమె తువ్వాలు చేతికిచ్చింది. సీటు మాత్రం ఇయ్యలేదు.

“ఆయమ్మ ఆరెకొండ అంబాబాయి. ఆమెతో నువ్వు గెలవలేవు, ఊరుకోన్నా,” అన్నాడు కండక్టరు టికెట్లు కొడతా.

బస్సు కొండెక్కతాంది. మలుపు మలుపుకూ ఈరన్న కమ్మీ పట్టుకోని ఊగుతా, పండ్లు నూరుతా ఉన్నాడు. ఆఖరికి ఉండబట్టలేక అడిగినాడు.

“యాడనుంచో వచ్చినోళ్లు మీరు. మా కొండ మీకెట్ల దొరికిందమ్మా?”

“మా పెద్దోళ్లు వచ్చేటప్పటికి కొండ మీద ఎవరిదో తువ్వాలు ఉండిందంట. మడిచి పక్కన పెట్టి కూర్చున్నారు.”

“మరి ఆ తువ్వాలాయన?”

అంబాబాయి ఈరన్నను కాళ్ల నుంచి తలదాకా నిదానంగా చూసింది.

“యాడనో నిలబడుకోని ఉంటాడు నాయనా.”