తిరుపాల్ పేరు మీద ఇల్లు

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు మీద సరుకు బండ్లు తోలేవాళ్లంతా తిరుపాల్‌ను హారన్ కొట్టి దాటుకుపోయేవాళ్లే. అతనికి అదేమీ పట్టేది కాదు. టాటా ఏస్ బండిలో నూలు మూటలు వేసుకుని, స్పీడు ముల్లును నలభై అయిదు దగ్గర నిలబెట్టి తన దారిన తాను పోయేవాడు. "ఏమప్పా, గట్టిగ తొక్కితే బండికి నొప్పి పుడతాదా?" అని తోటి డ్రైవర్లు స్టాండులో నవ్వేవాళ్లు. తిరుపాల్ కూడా నవ్వేవాడు. వాళ్ల బండ్లు లీటరుకు పదహారు కిలోమీటర్లు ఇస్తే తన బండి ఇరవై ఒకటి ఇస్తుందని అతనికి తెలుసు.

ఆ విద్య నేర్పినవాడు ఓబన్న. ఇద్దరిదీ కోసిగి దగ్గర ఒకే ఊరు. వానలు పడని ఏడల్లా తిరుపాల్ ఇంటిల్లిపాదీ మూటా ముల్లె కట్టుకుని రైలెక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయేవాళ్లు. ఇరవై ఏళ్ల వయసులో ఒకసారి, ఇక ఆ రైలు ఎక్కనని మొండికేసి తిరుపాల్ ఆదోని వచ్చేశాడు. అప్పటికే లారీ డ్రైవరుగా పేరున్న ఓబన్న అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని స్టీరింగు చేతికిచ్చాడు. లైసెన్సు ఇప్పించాడు. "బ్రేకు తొక్కినప్పుడల్లా డీజిలు రోడ్డు మీద పారబోసినట్టేరా. ముందర ఏముందో దూరం నుంచే సూడు. కాలు ముందుగానే ఎత్తు," అనేవాడు. పొద్దున్నే టైర్లలో గాలి చూడడం, రైల్వే గేటు పడితే ఇంజను ఆపడం, క్లచ్ మీద కాలు ఆనించకపోవడం, అన్నీ ఓబన్న దగ్గర నేర్చుకున్నవే. తండ్రి మాట కంటే ఓబన్న మాటే తిరుపాల్‌కు ఎక్కువ. ఏ పని మొదలుపెట్టినా "అన్నను అడిగి వస్తా" అనేవాడు.

తిరుపాల్ భార్య మహాదేవి ఆ డీజిలు మిగులును చూసి ఊరుకునే మనిషి కాదు. ఖర్చులో కలిస్తే అది మిగులే కాదని, నెలనెలా మిగిలిన మూడు వేలను తీసుకుపోయి పోస్టాఫీసులో కట్టేది. పండగకు చీర కొనుక్కోమన్నా వినేది కాదు. ఇంటి ఓనరు నీళ్ల మోటారు ఆపేసిన రోజు మాత్రం, బిందె చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "మన మోటారు మనమే వేసుకునే రోజు వస్తాదిలే," అనేది. ఆరేళ్లు అలా గడిచాయి. ఎమ్మిగనూరు రోడ్డులో, ఊరి చివర, రెండు గదుల కొత్త ఇల్లొకటి బేరానికి వచ్చింది. వాళ్లు కూడబెట్టింది ముందు కట్టడానికి సరిపోయింది. మిగతాది బ్యాంకు అప్పు. మొదటిసారి ఇల్లు కొనుక్కునేవాళ్లకు సర్కారు వడ్డీలో రాయితీ ఇస్తుందనీ, లక్షా ఎనభై వేల దాకా కలిసి వస్తుందనీ మహాదేవి నలుగురినీ అడిగి తెలుసుకుంది. ఆ రాయితీ లెక్కేసుకునే నెల కంతుకు ధైర్యం చేశారు.

బ్యాంకులో రాధిక అనే ఆఫీసరు వాళ్ల కాగితాలు తీసుకుంది. నాలుగో రోజు ఫోను చేసి ఇద్దరినీ రమ్మంది.

"మీకు రాయితీ రాదండీ," అంది. "మీకు ఇంతకుముందే ఒక ఇల్లుంది కదా."

తిరుపాల్‌కు నవ్వొచ్చింది. "మాకు ఇల్లా? బాడుగింట్లో ఉండామమ్మా. ఇంకెవరిదో సూసినట్టుండారు."

రాధిక కంప్యూటరు తెర వాళ్ల వైపు తిప్పింది. తిరుపాల్ ఆధార్ నంబరు. మహాదేవి ఆధార్ నంబరు. ఆరేళ్ల కిందట ఎమ్మిగనూరులో ఇంటి అప్పు. మొదటి ఇంటి రాయితీ కింద రెండు లక్షల పైచిలుకు ఆ అప్పులో జమ అయింది. అప్పు ఇంకా నడుస్తోంది.

"ఒకసారి తీసుకున్నవాళ్లకు మళ్లీ ఇవ్వరు. పైగా ఈ అప్పు ఉండగా కొత్త అప్పు రావడమూ కష్టమే," అని, ఆ ఇంటి చిరునామా చదివింది. ఏ వీధో, ఏ నంబరో చదువుతుంటే తిరుపాల్ ఆ ఇంటిని గుర్తుపట్టాడు. ఆ ఇంటికి ఇసుక తోలింది అతనే. ఇటుకలు తోలింది అతనే. బాడుగ వద్దని, ఒట్టి డీజిలు పోయించుకుని, నెలన్నర పాటు తోలాడు. అది ఓబన్న ఇల్లు.

బయటికొచ్చి బ్యాంకు మెట్ల మీద కూర్చున్నారు. ముందుగా గుర్తు చేసింది మహాదేవే. "జామీను సంతకాలని పిల్చుకపోయినాడు సూడు, ఆ పొద్దు."

తిరుపాల్‌కు గుర్తుంది. "నా ఇంటి అప్పుకు నువ్వు జామీనుండల్లరా. నీ పెండ్లాము కూడా చేయల్లంట," అన్నాడు ఓబన్న. ఒక మధ్యవర్తి కాగితాలు తిప్పుతుంటే చూపించినచోటల్లా ఇద్దరూ సంతకాలు పెట్టారు. రిజిస్ట్రారు ఆఫీసులో ఫోటో తీశారు, వేలిముద్రలు వేయించారు. జామీనుకు ఇన్ని ఉంటాయి కాబోలనుకున్నారు. వచ్చేటప్పుడు ఓబన్న హోటల్లో దోసెలు తినిపించాడు.

"అన్నకు తెలీకుండా ఆ మధ్యవర్తి నాయాలే చేసుంటాడు," అన్నాడు తిరుపాల్.

మహాదేవి అతని ముఖం చూసింది.

ఆ పొద్దే ఎమ్మిగనూరు పోయారు. దారి పొడుగునా తిరుపాల్ తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నాడు: అన్నకు తెలిసుండదు, తెలిస్తే ఆ మధ్యవర్తిని కొడతాడు, ఇద్దరం కలిసి బ్యాంకుకు పోయి సరిచేయిస్తాం.

ఓబన్న వరండాలో పేపరు చదువుతున్నాడు. విషయమంతా విన్నాక పేపరు మడిచి పక్కన పెట్టాడు. కోపం రాలేదు, ఆశ్చర్యం అసలే లేదు. అది చూసిన క్షణంలోనే తిరుపాల్‌కు అంతా తెలిసిపోయింది.

"నా పేరు మీద ఊర్లో మా నాయన ఇల్లు ఉండె. నాకు రాయితీ రాదన్నారు," అన్నాడు ఓబన్న. "నీకు అప్పట్లో ఇల్లు కొనే తాహతు యాడుందిరా? ఊరికే పోయేదే కదా. కంతులు నేనే కట్టుకుంటాండా. నీ పేరు వాడుకున్నా గానీ, నీ దుడ్డు వాడుకున్నానా?"

"ఒక మాట సెప్పి ఉంటే ఇచ్చేవాన్ని కదన్నా."

"సెప్తే నువ్వు నీ పెండ్లాముకు సెప్తావు. ఆమె లెక్కలేస్తాది."

ఆ మాటతో మహాదేవి ఆగలేకపోయింది. "వేస్తాను బావా. ఆరేండ్లు పండగ చీర లేకుండా వేసిన లెక్క అది. ఇప్పుడు సెప్తాను విను. కాయితాల లెక్కన ఈ ఇల్లు నాదీ, మా ఆయనదీ. రేపు పొద్దున సామాన్లతో వస్తాను. యాడ పొయ్యి పెట్టుకోవాల్నో నువ్వే సూపియ్యి."

ఓబన్న ముఖంలో రంగు మారింది. ఆ సంగతి అతనికీ తెలుసు. ఇన్నాళ్లూ భయపడుతున్నదీ దానికే. "ఒరే తిరుపాలూ, నీకు స్టీరింగు పట్టడం నేర్పిచ్చినోన్ని," అన్నాడు.

లోపలి గడప దగ్గర ఓబన్న భార్య భీమమ్మ నిలబడి ఉంది. ఆమె చేతి సంగటి తిని పెరిగినవాడు తిరుపాల్. అతను ఆమె వైపు తిరిగి, "నీకు తెలుసునా వదినా?" అని అడిగాడు.

భీమమ్మ తల వంచుకుంది. "సెప్పమని అప్పుడే సెప్పినాను నాయనా. ఇంగొక రోజు సెప్తాలే అన్నాడు."

ఆరేళ్లలో ఆమె చేత్తో ఎన్నిసార్లు తిన్నాడో తిరుపాల్‌కు లెక్కే లేదు. వడ్డించిన ప్రతిసారీ ఆమెకు తెలుసన్నమాట. ఓబన్న మాటలకు రాని ఏడుపు ఆమె మాటకు వచ్చింది. ముఖం ఎవరికీ కనబడకుండా బండి దగ్గరికి నడిచి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత నెల రోజులు ఇంట్లో మాటలు సరిగా లేవు. ఆ ఇంట్లో చేరదామని మహాదేవి. ఆ ఇంట్లో తనకు ముద్ద దిగదని తిరుపాల్. "ఆయప్ప నీకు చేసిందానికి నువ్వు ఇంకా సిగ్గుపడతాండావు. సిగ్గుపడాల్సింది ఆయప్ప," అని ఆమె అరిచింది. తిరుపాల్‌కు ఆ మాట నిజమేనని తెలుసు. కానీ కంతులు కట్టింది ఓబన్న, గోడలు లేపింది ఓబన్న. మోసం చేసినవాడిని మోసం చేసి బతకడం అతనికి చేతకాలేదు. బయట మాత్రం స్టాండులో అందరూ అడుగుతున్నారు: "ఎమ్మిగనూరులో ఇల్లుందంట కదా, మాకు సెప్పనే లేదే?" నవ్వడం అతనికి చేతకాక, కిరాయి ఉన్నా లేకున్నా బండి తీసుకుని బయటికి పోయేవాడు. ఆ నెలలో బండి పదిహేడు కూడా ఇవ్వలేదు. ముందు అడ్డమొచ్చేదాకా అతనికి ఏదీ కనబడేది కాదు.

చివరికి స్టాండు పెద్ద ఎల్లప్ప ముందర, ఇల్లు ఓబన్నకే రాసిచ్చేట్టు మాట కుదిరింది. షరతులు పెట్టింది మహాదేవి. బ్యాంకు అప్పు మొత్తం తీరిన కాగితం చేతికొచ్చాకే సంతకం. పోయిన రాయితీ సొమ్ము ఓబన్నే ఇవ్వాలి. ఓబన్న తన లారీ అమ్మి అప్పు తీర్చాడు. రాయితీ కింద మాత్రం డెబ్బై వేలే ఇచ్చి, తక్కింది మెల్లగా ఇస్తానన్నాడు. ఇవ్వడని అందరికీ తెలుసు. తిరుపాల్ ఇంకేమీ అడగలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో ఇల్లు ఓబన్న పేరుకు మార్చి ఇచ్చేటప్పుడు అతనూ ఓబన్నా ఒకే బల్ల మీద కూర్చున్నారు, మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా వదిలి.

సర్కారు దస్తరంలో మాత్రం తిరుపాల్, మహాదేవి పేర్లు అలాగే ఉండిపోయాయి. ఇల్లు పోయినా రాయితీ తీసుకున్నవాళ్లే. ఊరి చివరి ఇంటికి పూర్తి వడ్డీతో అప్పు తీసుకున్నారు. మూడేళ్లు ఎక్కువ కట్టాలి.

పాలు పొంగించిన రోజు పదిమందికి మించి పిలవలేదు. మధ్యాహ్నం భోజనాల బంతులు లేచిపోయాక భీమమ్మ ఒక్కతే వచ్చింది, చేతిలో ఒక స్టీలు బిందెతో. తిరుపాల్ ఆమెను కిటికీలోంచి చూసి వెనక గదిలోకి పోయాడు. మహాదేవి కాసేపు గడపలో అడ్డంగానే నిలబడింది. తర్వాత పక్కకు జరిగి విస్తరి వేసింది. భీమమ్మ తలెత్తకుండా తిన్నది. చెయ్యి కడుక్కుని, లోపలి గదికి వినబడేలా, "ఆయప్ప కూడా వచ్చినాడు నాయనా. రోడ్డు మీద నిలబడినాడు. పిలిస్తే వస్తాడు," అంది.

మహాదేవి తలుపు తోసి చూసింది. తిరుపాల్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"పిల్చనా?" అని మెల్లగా అడిగింది.

"వద్దు," అన్నాడు. కాస్త ఆగి, "ఆయమ్మకు తాంబూలమిచ్చి పంపు," అన్నాడు.

భీమమ్మ తాంబూలం కొంగున కట్టుకుని రోడ్డెక్కింది. ఆమె మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా ఆగి తిరుపాల్ బయటికొచ్చి, విస్తళ్లు ఎత్తడం మొదలుపెట్టాడు.