ఇక్వో మామ్మ కొలత తాడు

కలబార్ ఊళ్ళో పెళ్ళికి ముందు పెళ్ళికూతుర్ని ఒళ్ళు చేయించే గదిలో కూర్చోబెట్టాలంటే ఇక్వో మామ్మ తరవాతే ఎవరైనా. పెండలం ముద్దలు, పామాయిల్ పులుసు దగ్గరుండి తినిపించి, ఎండ తగలనివ్వకుండా, చీపురుపుల్ల ఎత్తనివ్వకుండా మూడు నెలలు కాపలా కాసి, పెళ్ళినాడు బయటికి తెచ్చిందంటే చూసినవాళ్ళు ముక్కున వేలేసుకోవలసిందే. గదిలోకి వెళ్ళేరోజున పిల్ల నడుముకు తాడు చుట్టి ఒక ముడి వేస్తుంది. బయటికొచ్చేరోజున అదే తాడుకి రెండో ముడి. రెండు ముళ్ళ మధ్య ఎంత దూరముంటే మామ్మకు అంత పేరు.

ఈసారి గదిలో ఉన్నది సొంత మనవరాలు ఆతిమ్. తల్లి లేని పిల్ల కావడంతో మామ్మ ఎవరికీ పెట్టనంత పెడుతోంది. పెళ్ళికొడుకు ఎఫియోమ్‌ని ఏరికోరి తెచ్చిందీ మామ్మే. కలప అడితి నడుపుతాడు, నూట ఇరవై కిలోల మనిషి. తిండికి లోటు లేని ఇల్లని ఆ పొట్టే చెబుతోందని అందరితోనూ చెప్పుకుని మురిసిపోయింది.

ఆరోవారం నడుస్తుండగా చేపలమ్మే న్కోయో గుమ్మంలో బుట్ట దించి, అసలు సంగతి చెవిన వేసింది.

"మామ్మా, మీ పెళ్ళికొడుకు చొక్కా వేలాడిపోతోందే! ఏం జబ్బో కనుక్కున్నావా? తెల్లారకముందే నది ఒడ్డున పిచ్చెత్తినట్టు పరుగులు పెడుతున్నాడట."

పెళ్ళి కుదిరాక మగపిల్లాడు చిక్కిపోయాడంటే అక్కడ రెండే అర్థాలు. దాచిన రోగమైనా అయుండాలి, ఇష్టంలేని పెళ్ళైనా అయుండాలి. ఏదైనా ఆతిమ్ బతుకు బుగ్గే.

మర్నాడు కోడి కూయగానే మామ్మ నది ఒడ్డుకి పోయి దారికి అడ్డంగా నిలబడింది. ఎఫియోమ్ చెమటలు కక్కుకుంటూ వచ్చి ఆమెని చూసి ఆగిపోయాడు.

"ఏం దాస్తున్నావురా? నిజం చెప్పు. లేదంటే ఈ సంబంధం ఇక్కడితో సరి!"

"రోగం లేదు మామ్మా," అన్నాడు రొప్పుతూ. "రాకూడదనే ఈ తిప్పలు. మా నాన్నకి షుగరుతో కాలు తీసేశారు, ఏడాది తిరక్కుండా ప్రాణమూ పోయింది. నాకూ అంచుదాకా వచ్చిందన్నారు. పిల్లల్ని ఎప్పుడు కంటావని డాక్టరమ్మ అడిగింది. సిగ్గుతో చచ్చాననుకో."

"నీ పొట్టకీ పిల్లలకీ ఏంట్రా సంబంధం? మోసేది నా మనవరాలు కదా!"

"నేనూ అదే అన్నాను. మగాడి ఒళ్ళు ఎలా ఉంటే అతని బీజంలో అలాంటి గుర్తులు పడతాయిట. తాతముత్తాతలు ఇచ్చింది మారదుట గానీ, అందులో ఏది గట్టిగా పనిచెయ్యాలి, ఏది నోరు మూసుకు కూర్చోవాలి అన్నది ఆ గుర్తుల్ని బట్టి ఉంటుందిట. కొవ్వు పట్టిన ఒంటికి ఒక తీరు, పరుగెత్తే ఒంటికి ఇంకో తీరు. కొత్త బీజం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుందంది. ఆతిమ్ గదిలో ఉండేది మూడు నెలలేగా? నాకూ సరిపోయింది గడువు."

"ఆవిడేమైనా చూసొచ్చిందా?"

"ఎలుకల్లో బాగానే తేలిందట, మనుషుల్లో ఇంకా చూస్తున్నారట. ఒట్టేసి చెప్పలేనంది. పరుగెత్తితే పోయేదేముంది మామ్మా, నా చొక్కాలు తప్ప?"

మామ్మకి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"మరి తల్లి ఒంటి సంగతో?"

"అదింకా ఎక్కువట," అన్నాడు మెల్లిగా.

మామ్మ అక్కడే బోర్లించిన పడవ మీద కూలబడింది. ఆతిమ్ తల్లి ఆరిత్‌ని కూడా ఒళ్ళు చేయించింది తనే. ఊరు మొత్తంలో దాని తాడుని మించిన తాడు లేదు. ఆ ఏడే ఆతిమ్ కడుపున పడింది. ముప్ఫై తొమ్మిదో ఏట ఆరిత్ షుగరుతో పోయింది.

"అంటే నా కూతుర్ని నేనే తినిపించి చంపుకున్నానా? దాని కడుపులో ఉన్నదానికి కూడా అంటించానా?"

ఎఫియోమ్ ఆమె ముందు గొంతుకూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. "ప్రేమకొద్దీ పెట్టావు మామ్మా, నీకెవరు చెప్పారని? అయినా అవి చెరగని మచ్చలేం కావుట. కదిలే ఒంట్లో చాలావరకు సర్దుకుంటాయంది."

ఇంటికి పోతుంటే దారంతా మామ్మకి తన అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆ కాలంలో గదిలో తిండి ఎంతో, డప్పు మోతకి అడుగులేసే ఎకోంబి ఆటా అంతే. పొద్దునా సాయంత్రమూ కాళ్ళు పీకేదాకా ఆడించేది. పిల్లలు గునుస్తున్నారని ఆ ఆటని చివరి వారానికి నెట్టేసింది తనే. తిండిని ఉంచింది, ఆటని తీసేసింది. ఎంత తెలివితక్కువ పని చేశానని తనని తనే తిట్టుకుంది.

గదిలోకి వెళ్ళేసరికి ఆతిమ్ చాప మీద పడుకుని దూలాలు లెక్కపెడుతోంది.

"లే!"

"మళ్ళీ తినాలా అమ్మమ్మా?" అంది ఏడుపుగొంతుతో.

"తిండి కాదే, ఆట. ఇవాళ్టి నించి రెండుపూటలా."

ఆతిమ్ ఒక్క గెంతున లేచి మామ్మ మెడ వాటేసుకుంది.

పెళ్ళినాడు వాకిలి నిండా చుట్టాలే. ఆతిమ్ బయటికొచ్చింది. ఒళ్ళు నిగనిగలాడుతోంది గానీ చుట్టాలు ఎదురుచూసిన లావు లేదు.

"తాడేది ఇక్వో?" అంది ఎఫియోమ్ మేనత్త, కళ్ళు చిట్లించి.

మామ్మ తాడు చాపి పట్టుకుంది. రెండు ముళ్ళూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. వాకిలంతా గుసగుసలు. "మామ్మ చేతి మహిమ తగ్గిపోయింది," అన్నారు ఒకరు. "తిండంతా తనే తినేసిందేమో," అని కిసుక్కుమన్నారు ఇంకొకరు. మామ్మ లోపలికెళ్ళి, పెట్టె అడుగు నుంచి ఇంకో తాడు తెచ్చింది. దాని ముళ్ళ మధ్య రెండు జానల దూరం.

"ఇది నా ఆరిత్‌ది. ఈ వాకిట్లోనే మీరంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ముప్ఫై తొమ్మిదో ఏట దాన్ని మోసుకుపోయిందీ మీరే." ఆతిమ్ భుజం మీద చెయ్యేసింది. "ఇప్పుడు దాని కూతురి ఆట చూడండి. చూశాక చప్పట్లు కొడతారో మానతారో మీ ఇష్టం."

డప్పు మోగింది. ఆతిమ్ మూడు చుట్లు ఆడింది, రొప్పు అన్నది లేదు. నాలుగో చుట్టుకి ఎఫియోమ్ దిగాడు. పద్నాలుగు కిలోలు తగ్గినా ఇంకా కొండంత మనిషే, ఆడుతుంటే నేల అదిరింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆ మేనత్తే.

మామ్మ ఆరిత్ తాడుని తన నడుముకు బిగించి కట్టుకుని ఆటలోకి దిగింది. పది అడుగులకే ఆయాసం వచ్చేసింది.

"చాల్లే మామ్మా, ఇక కూర్చో," అన్నాడు ఎఫియోమ్.

"నోర్ముయ్యి! మునిమనవడు వచ్చేలోపు నేనూ మూడు చుట్లు ఆడాలి," అంది మామ్మ, పదకొండో అడుగు వేస్తూ.