తడవని బండ

క్వారీ అడుగుకు దిగేసరికి తిరుపతయ్యకు ఆయాసం వచ్చింది. రాతి అంచున కూర్చుని దగ్గు తగ్గనిచ్చి, మోటారు పైపు మూతికి పట్టిన నాచును వేళ్లతో లాగేశాడు. పలచటి మనిషి. కనుబొమల మీద, చెవుల మడతల్లో తెల్లటి దుమ్ము; ఎంత రుద్దుకున్నా పోనిది. పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి తవ్వే ఆ గుంటలో ఊటనీళ్లు నిలవకుండా తోడిపోయడమే ఆయన పని. తవ్వేవాళ్లు మారారు, లారీలు మారాయి. నీళ్లు మాత్రం రాతి నెర్రెల్లోంచి వస్తూనే ఉన్నాయి, ఆయన తోడుతూనే ఉన్నాడు.

ఇప్పుడు తవ్వకం ఆగిపోయింది. లీజు ముగిసి యంత్రాలన్నీ వెళ్లిపోయాయి. "కరెంటోళ్లు వచ్చి వైరు కోసేదాకా నడుపుకో తిరుపతయ్యా. నేనేం ఎరగను," అన్నాడు మేస్త్రీ కోటేశ్వర్ ఫోనులో. ఎందుకని మేస్త్రీ అడగలేదు. ఆ అడగకపోవడమే ఆయన చేసిన మేలు.

గుంట అడుగున, తూర్పు గోడ పక్కన ఒక బండ ఉంది. చాలా ఏళ్ల కిందట పైనుంచి పెళ్ల జారి అక్కడే పడింది. అక్కడ రాళ్లెత్తుతున్న ఆయన భార్య సుబ్బరత్నం దాని కింద పడి మళ్లీ లేవలేదు. ప్రాణం పోయిన చోట పసుపు రాసి బొట్టు పెట్టడం ఆ క్వారీ వాళ్ల ఆనవాయితీ. ఎవరైనా ఏడాది తిరిగేదాకా పెడతారు; తిరుపతయ్య మానలేదు. మోటారు ఆగితే ఆ బండ మునిగిపోతుంది.

బండ కడిగి కుంకుమ అద్దుతుండగా పై అంచు నుంచి ఆదిలక్ష్మమ్మ గొంతు వినిపించింది. పక్క చేను ఆమెదే.

"ఏందిరా తిరుపతయ్యా, పని ఆగిపోయిందిగా. ఇంకా దేనికా మోటారు? రాళ్లకి తానం చేపిస్తన్నావా?"

"ఇంకో వారం అక్కా. తరవాత వాళ్లే పీకేస్తారు."

"వారమంట. పొద్దున నా గేదె బాయికాడికి పోయి తొంగిచూసి అట్టనే నిలబడింది. దానికేం చెప్పమంటావు? తిరుపతయ్య మామ మోటారుని వదల్లేకపోతన్నాడని చెప్పనా?"

ఆయన నవ్వబోతే దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా ఆమె ఆగింది.

"రత్నం నీళ్లు తోడుకుంది ఆ బాయిలోనేరా," అంది గొంతు తగ్గించి. "ఇప్పుడుంటే నీ వీపున చీపురు తిరగేసేది."

"తిరగేసేదే," అన్నాడు.

ఆమె వెళ్లింది. కాసేపటికి, ఉత్త బావి అడుగున బకెట్టు తగిలిన చప్పుడు ఇక్కడిదాకా వచ్చింది. బావీ గుంటా ఒకే నెర్రెల నీళ్లు తాగుతాయని ఆయనకు తెలియక కాదు.

మధ్యాహ్నం సద్ది విప్పి, మళ్లీ మూటగట్టేశాడు. లేచి బండ మీద అరచెయ్యి ఆనించాడు. ఎండకు వెచ్చగా ఉంది, ఒంటిలా. తర్వాత పైకెక్కి స్విచ్చి ఆపేశాడు.

ఇన్నేళ్ల మోత ఒక్కసారిగా పోయేసరికి చెవుల్లో గుయ్యిమంది. అది కూడా తగ్గాక, గోడల నిండా చుక్కలు రాలుతున్న సవ్వడి. ఆ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బురదేనంటారు. నీళ్లకు అది పాత ఇల్లే, తొందరపడకుండా వచ్చాయి. పొద్దువాలే వేళకు బండను తాకాయి. పసుపు కరిగి, సన్నటి దారంలా కొంతదూరం సాగి, కనిపించకుండా పోయింది. ఆయన చీకటి పడకముందే ఇంటికి నడిచాడు.

ఆ వారంలోనే బావిలో నీరు ఊరింది. ఒక సాయంత్రం ఆదిలక్ష్మమ్మ నిండు బిందె తెచ్చి ఆయన గడప ముందు దించింది. తిరుపతయ్య ఒక గ్లాసు ముంచుకుని, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ మొత్తం తాగాడు.

"చానా చల్లగున్నయ్ అక్కా," అన్నాడు.

తెల్లారి ఆయన లేవలేదు. ఆఖరి స్నానానికి ఆ బిందెలో మిగిలిన నీళ్లే సరిపోయాయి.

అందరూ వెళ్లాక ఆదిలక్ష్మమ్మ ఆయన తువ్వాలును బావి దగ్గర ఉతికి కంచె మీద ఆరేసింది. సాయంత్రానికి అది ఆరి, మడతల వెంట సన్నటి తెల్లని సున్నపు గీతలు తేలి, అట్టలా బిగుసుకుని, గాలి వీస్తున్నా కదలకుండా ఉండిపోయింది.