బసవన్న చుట్టిన రేసు మోటారు

ఎమ్మిగనూరులో మోటార్ల వైండింగ్ చేసే బసవన్నకు తెలియని మోటారు ఈ భూమ్మీద లేదు. ఈ సంగతి ఎవరు చెప్పారంటే, బసవన్నే చెప్పాడు. ముప్పై ఏళ్ళుగా రోజూ చెబుతూనే ఉన్నాడు. కోడుమూరు నుంచి తుగ్గలి దాకా కాలిపోయిన బోరు మోటార్లన్నీ ఆయన షాపు ముందుకే వచ్చి పడతాయి కాబట్టి, కాదనే ధైర్యం ఎవరికీ లేదు. షాపు బోర్డు మీద 'అన్ని రకాల మోటార్లు' అని ఎర్రరంగుతో రాయించాడు. అందులో 'అన్ని' అన్న మాట మిగతా వాటికంటే రెండింతలు పెద్దది.

ఉన్నమాట చెప్పుకోవాలి, మనిషి పనిమంతుడే. ఏ రైతైనా వచ్చి 'ఏ మోటారు కొనాల, అన్నా?' అని అడిగితే చటుక్కున జవాబివ్వడు. "బోరు ఎన్నడుగులు? నీళ్ళు యాడ తగిలినాయి? పైపు ఎంత లావు? కరెంటు ఎన్ని గంటలిస్తాండారు?" అని పోలీసులకంటే ఎక్కువ ఆరా తీసి, అప్పుడు గానీ నోరు విప్పడు. ఆయన చెప్పిన మోటారు కొని చెడిపోయిన రైతు లేడు.

ఒక సాయంత్రం ఊళ్ళో రైతు శామ్యూల్ కూతురు కృప ఆ షాపుకొచ్చింది. ఆదోనిలో డిప్లొమా చివరి ఏడు చదువుతోంది. చంకలో మూరెడు పొడవున్న రిమోటు కారు. ఏడాదిపాటు పాత సామాన్లు ఏరి తెచ్చుకుని, చక్రం చక్రం తనే బిగించుకున్న బండి. ఆదివారం ఆదోనిలో పోటీ ఉంది. తిన్నని తారు రోడ్డు మీద ఎవరి బండి ముందు చేరితే వాళ్ళదే గెలుపు.

"మామా, కాలేజీలో రెండు మోటార్లిచ్చి ఒకటి ఏరుకోమన్నారు. ఏది పెట్టాల?" అని రెండింటినీ బల్ల మీద పెట్టింది. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగ్గా బరువుగా ఉంది.

బసవన్న అలాంటి మోటారును పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. 'నాకు తెల్దు పాపా' అంటే మూడు ముక్కలతో తేలిపోయేది. కానీ ఎదురుగా స్టూలు మీద గోవిందన్న కూర్చుని ఉన్నాడు. ఉల్లిగడ్డలు పండించే రైతు. రోజూ సాయంత్రం వచ్చి, బసవన్న ఇప్పించిన టీ తాగి, బదులుగా బసవన్నను పొగిడి పోతుంటాడు.

"పాపా, సరైన తావుకే వచ్చినావు. మా అన్న ముట్టుకుంటే సాలు, మోటారు పేరు సెప్తాడు" అన్నాడు గోవిందన్న.

ఇంకేముంది! అంత పొగడ్త విన్నాక ఎదురు ప్రశ్న వేస్తే పరువేం కాను? బసవన్న రెండింటినీ చేతుల్లో పట్టి, కూరగాయలు తూచినట్టు తూచాడు. "ఇదీ" అన్నాడు పొడుగుదాన్ని పైకెత్తి. "మోటారన్నాక బరువుండాల."

"కానీ మామా, ఇది కొంచెం నిదానమేమో. నా బండికి..."

"నాకు సెప్తాండావా? ఈడ పెట్టిపో. లోపల వైండింగ్ కూడా మార్చిస్తా. రాకెట్టు మాదిరి పోతాది సూడు."

కృప పొట్టి మోటారును తీసి సంచిలో వేసుకుంది. ఆమె చిన్నప్పుడు వాళ్ళ చేలో బోరు మోటారు కాలిపోతే, ఒక్క పూటలో బాగుచేసి పైరు బతికించింది ఈ మామే. ఆ నమ్మకంతో బండినీ పొడుగు మోటారునీ వదిలి వెళ్ళింది.

బసవన్న ఆ మోటారును వేడి చేసి, లోపలిది బయటకు లాగి, ఉన్న తీగ తీసేసి సన్నతీగతో రెట్టింపు చుట్లు చుట్టాడు. బోరు మోటారుకు బలం కావాలంటే ఆయన చేసే పని అదే. మూడు రోజులు కళ్ళు పొడుచుకుని మరీ చుట్టాడు. శనివారం బండికి బిగించి ఇస్తూ, దాని నెత్తిన 'మోటారు: బసవన్న, ఎమ్మిగనూరు' అని స్టిక్కరు కూడా అంటించాడు. జన్మలో ఊడకూడదని ఖరీదైన జిగురు తెచ్చి మరీ అంటించాడు.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని కృపతోపాటు ఆదోని బస్సెక్కాడు. కండక్టరుకు చెప్పాడు, పక్కసీటు ముసలమ్మకు చెప్పాడు, దిగేలోపు డ్రైవరుకు కూడా చెప్పాడు మోటారు తనదేనని.

ఆదోనిలో పోటీకి ఈల వేశారు. ఆరు బండ్లు ఎటు పోయాయో కంటికి కనిపించలేదు. ఏడోది మాత్రం అందరికీ తీరిగ్గా కనిపించింది. పెళ్ళి ఊరేగింపులా వస్తోంది. కదలడంలో బ్రహ్మాండమైన బలం, సందేహం లేదు. వెనక బండరాయి కట్టినా లాగేసేది. కట్టడానికి అక్కడ బండరాయే లేదు.

మైకు పట్టుకున్నవాడికి పండగే అయింది. "అయ్యా, ఎమ్మిగనూరు బండి వస్తాంది, దారి ఇయ్యండి! మోటారు చుట్టినవారు బసవన్నగారు!" అని స్టిక్కరు చదివాడు. జనం ఈలలు, కేకలు. బసవన్నకు తల తీసేసినట్టయింది. చుట్లు పెరిగితే లాగుడు పెరుగుతుంది, వేగం చస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఆయన చేతులకు తెలిసిన సంగతే ఇది. ఆ చేతులను అడగకుండా గోవిందన్న మాట విన్నాడు.

తిరుగు బస్సులో కృప బండిని ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తిడితే బాగుండుననుకున్నాడు బసవన్న. తిట్టలేదు. బండి చక్రం మీది దుమ్ము తుడుస్తూ, "నేనే నీకు సరిగ్గా సెప్పలేదేమో మామా" అంది.

ఆ మాట మైకులో మాటకన్నా గట్టిగా తగిలింది. బసవన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నువ్వు సెప్పబోతే నేనే కదా నోరు మూయించినా. నాకు తెల్దు పాపా. ఇట్లాంటి మోటారు నేనెప్పుడూ సూడలేదు."

ముందు సీట్లో కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు. పొద్దున చెవులు వాచిపోయేలా విన్నవాడు కదా.

"వచ్చే నెల ఇంకో పోటీ ఉండాది" అంది కృప మెల్లగా. "ఆ పొట్టి మోటారు ఇంట్లోనే ఉంది."

బసవన్న ముక్కు తుడుచుకుని ఆమె వైపు తిరిగాడు. "బండి బరువెంత? ఎంత దూరం పరిగెత్తాల? పళ్ళచక్రానికి పళ్ళెన్ని? బ్యాటరీ ఎంతసేపు వస్తాది?"

కృప ఒక్కొక్కటీ చెబుతూ పోయింది. ఆయన వింటూ, గోటితో బండి మీది స్టిక్కరును గీకసాగాడు. అది ఊడితే కదా!

"ఉండనీలే మామా" అని కృప ఆయన చేయి పట్టుకుని ఆపింది. "వచ్చే నెల పనికొస్తాది."