ప్రశ్న పూర్తయ్యేలోగా

చీపురుపల్లిలో బెల్లం, చింతపండు హోల్‌సేల్ చేసే ధనరాజ్ గారింట్లో ఎదుటివాడి మాట ఆఖరిదాకా వినడం పనిలేనివాళ్ల లక్షణం. కొట్టుకొచ్చినవాడు "చింతపండు" అనగానే ధనరాజ్ గారు తూకం వేసేస్తారు. చింతపండు పుచ్చిపోయిందని చెప్పడానికొచ్చినవాడు కూడా ఇంకో రెండు కేజీలు మోసుకుపోయిన సందర్భాలున్నాయి. ఆయన భార్య కుమారి గారు ఇంకా చురుకు. పక్కింటావిడ మాట సగంలో అందుకుని, మిగతా సగం తనే పూర్తిచేసి, దానికి జవాబు కూడా తనే చెప్పి పంపించేస్తుంది. అలాంటి దంపతులకు పుట్టిన ఆనంద్‌కుమార్ సీఏ ఫైనల్ ఎన్నిసార్లు తప్పాడో ఇంట్లో లెక్కపెట్టడం మానేశారు. లెక్కలు చదివేవాడికి ఇంట్లోవాళ్లు ఇవ్వగలిగిన గౌరవం అదే.

ఆ పరీక్షలో రాయడానికి ముందు ప్రశ్నపత్రం చదువుకోమని పావుగంట ఇస్తారు. ఆ పావుగంట ఆనంద్‌కుమార్ కళ్లు మూసుకుని ఆంజనేయ దండకం చదువుకునేవాడు. అమ్మ మొక్కు. గంట కొట్టాక పెన్ను తీసి ప్రశ్నలో మొదటి రెండు లైన్లు చూసేవాడు. ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొంటున్నట్టు కనిపిస్తే చాలు, గైడులో ఉన్న కొనుగోలు లెక్క అణా పైసలతో సహా దించేసేవాడు. ఆ కొనుగోలు మధ్యలో ఆగిపోయిందనీ, ఇప్పుడేం చేయాలో చెప్పమనీ ప్రశ్న చివర ఉండేది. అంతదూరం ఆనంద్‌కుమార్ ఏనాడూ వెళ్లలేదు. రాయగడకి టిక్కెట్టు కొని మధ్యలో గజపతినగరంలోనే దిగిపోయే రకం.

"అది ఎకౌంట్సు పరీక్ష కాదు నాన్నా, ఇంగ్లీషు పరీక్ష" అని చెప్పాడు ఒకసారి ఫలితాలొచ్చిన రోజున. "పేజీలకి పేజీలు కథలు రాస్తన్నారు. అందులో లెక్కెక్కడుందో మనమే ఏరుకోవాల."

ధనరాజ్ గారికి ఈ సిద్ధాంతం బాగా నచ్చింది. ఇంట్లో తప్పిన కొడుకు కన్నా అన్యాయం జరిగిన కొడుకు ఉండటం మర్యాద. బెల్లం కొనే ప్రతివాడికీ చెప్పారు. కొన్నాళ్లకి మన కుర్రాళ్లని ఆపడానికే పైవాళ్లు ఆ కథలు రాయిస్తున్నారని ఊరు ఊరంతా నమ్మింది.

అలాంటి రోజుల్లో విజయనగరం ఆడిటరు జగన్నాధం గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆయనకి ఒక్కతే కూతురు, నీలవేణి. సీఏ మొదటిసారికే పాసై తండ్రి ఆఫీసులోనే కూర్చుంటోంది. ఇల్లరికం వచ్చే అల్లుడు కావాలి. ఆనంద్‌కుమార్‌కి ముప్పై దాటింది. 'సీఏ చేస్తున్నాడు' అన్న మాటలో 'చేస్తున్నాడు' ఎప్పటికి 'చేశాడు' అవుతుందని అడిగి మిగతా సంబంధాలన్నీ వెళ్లిపోయాయి. ఇదీ పోతే బతుకంతా నాన్న పక్కన బెల్లం దిమ్మల మధ్య ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి. ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు. కొట్లో రెండో కుర్చీ మాత్రం తెప్పించారు.

పెళ్లిచూపులకి కుమారి గారు కొడుకుని తయారుచేసింది. అడగబోయే ముఖ్యమైన ప్రశ్నలు తనే ఊహించి, జవాబులు బట్టీ పట్టించింది. అమ్మాయి ఉద్యోగం చేసుకోవచ్చా అంటే సంతోషంగా అనాలి. అలవాట్లంటే టీ కూడా తాగనని చెప్పాలి. పరీక్షంటే వచ్చే అటెంప్టులో గ్యారంటీ.

విజయనగరంలో ఇద్దరినీ మాట్లాడుకోమని మేడ మీదకి పంపించారు. నీలవేణి ఎదురుగా కూర్చుని, ఆఖరిదాకా వినమని ముందే అడిగింది. తర్వాత తొందరేమీ లేకుండా చెప్పింది.

"మా నాన్నకి అల్లుడు సీఏ అవ్వాలని ఏటీ లేదండి. ఆడిట్ కాగితాల మీద సంతకం పెట్టడానికి నేనున్నాను. కొట్లమ్మట తిరిగి షావుకార్లతో మాట్లాడే మనిషి కావాల. కొట్టు మీకు తెలుసు. మీరు నాకు నచ్చారు కూడా. కానీ ఒకటే షరతు, ఈ పరీక్ష ఇంక రాయకూడదు. రాస్తూ ఉండే మనిషికి ఎప్పుడూ వచ్చేసారి మీదే ధ్యాస, ఇంట్లో ఉన్నా లేనట్టే. మానేస్తానంటే ఇప్పుడే కిందకెళ్లి ఒప్పుకున్నానని చెప్పేస్తాను. పరీక్ష సంగతి ఏటంటారు?"

ఆనంద్‌కుమార్ 'సీఏ' అన్న మాట దాకా విన్నాడు. అక్కడ ప్రశ్న గుర్తుపట్టేశాడు. మిగతాదంతా ఆమె మాట్లాడుతుంటే లోపల జవాబు వల్లె వేసుకున్నాడు. ఆమె జుంకాలు ఊగడం కూడా చూశాడు, బాగున్నాయి.

"వచ్చే అటెంప్టులో గ్యారంటీ అండి. రెండు గ్రూపులూ ఒకేసారి కొట్టేస్తాను."

నీలవేణి కుర్చీ ముందుకి జరుపుకుంది. "నేనడిగింది విన్నారా?"

"విన్నానండి. మాటిస్తన్నాను. పాసయ్యేదాకా వదల్ను."

ఆమె లేచింది. జాగ్రత్తగా దిగండి, మెట్లు ఎత్తుగా ఉంటాయంది. బాగా రాశానన్న తృప్తితో ఆనంద్‌కుమార్ మెట్లు దిగాడు. ప్రతి పరీక్ష హాల్లోంచీ అతను అలాగే బయటికొచ్చేవాడు.

గురువారం పొద్దున్న జగన్నాధం గారు ఫోన్ చేశారు. అబ్బాయి బుద్ధిమంతుడనీ, అందరికీ నచ్చాడనీ మొదలుపెట్టారు. మర్యాదస్థులు కాబట్టి 'కానీ'ని కాస్త వెనక పెట్టుకున్నారు. అది బయటికొచ్చేలోగా ధనరాజ్ గారు ఆయన్ని బావగారూ అనేసి, ఆదివారం తాంబూలాలకి వస్తున్నామని చెప్పి ఫోన్ పెట్టేశారు. వెంటనే మళ్లీ మోగింది.

"సూసేవేటే ఆళ్ల ఆత్రం" అన్నారు భార్యతో. "ఎత్తకు. మగపెళ్లోరం, కొంచెం బెట్టుండాల."

సాయంత్రం మెసేజీ వచ్చింది. ధనరాజ్ గారు ఫోన్ కొడుక్కిచ్చి చదవమన్నారు. మీ కుటుంబాన్ని కలుసుకోవడం మాకెంతో సంతోషం అని మొదలైంది. సంతోషమని రాశారు నాన్నా అన్నాడు ఆనంద్‌కుమార్. కింద నీలం అక్షరాల్లో 'రీడ్ మోర్' అని ఉంది. ఆ ఇంట్లో దాన్ని ఎవరూ నొక్కలేదు.

ఆదివారం వ్యాను నిండా చుట్టాలు, ఒళ్లో పళ్ల తట్టలతో విజయనగరంలో దిగారు. పట్టుచీరల ఆడవాళ్లతో వీధి నిండిపోయింది. జగన్నాధం గారు బనీను మీద గేటు దగ్గర నిలబడి పేపరు చదువుకుంటున్నారు. తట్టల్ని ఒక్కొక్కటీ చూశారు. మెసేజీ పెట్టాను కదా అన్నారు. చూశామనీ, ఇంటిల్లిపాదీ సంతోషించామనీ ధనరాజ్ గారు చెప్పారు.

"ఆఖరిదాకా చూశారా?"

ధనరాజ్ గారు కొడుకుని చూశారు. జగన్నాధం గారు ఆనంద్‌కుమార్ వైపు తిరిగారు. "బాబూ, ఓసారి పైకి చదువు. నీ వాళ్లంతా ఉన్నారు, అందరికీ ఒకేసారి అయిపోతాది."

ఆనంద్‌కుమార్ ఫోన్ తీసి నీలం అక్షరాలు నొక్కాడు. మేనత్త జగ్గమ్మకి వినపడదని ఎవరో అంటే గొంతు పెంచాడు. పరీక్ష మానేస్తే పెళ్లికి ఒప్పుకుంటానని అమ్మాయి చెప్పిందనీ, దానికి అబ్బాయి పాసయ్యేదాకా వదలనన్నాడనీ, విన్నారా అని మళ్లీ అడిగితే మాట కూడా ఇచ్చాడనీ చదివాడు. అడిగింది వినని మనిషితో ఆఫీసూ నడవదు, కాపురమూ నడవదు, దయచేసి ఆదివారం రావద్దు అన్నదాకా చదివాడు. కింద నమస్కారాలతో అని ఉంటే అదీ చదివాడు. ఒక పేరాని మొదట్నుంచి చివరిదాకా చదవడం అతనికదే మొదలు. పూర్తిగా అర్థమైంది.

తలెత్తి చూస్తే మేడ మీద నీలవేణి బట్టలు ఆరేస్తోంది.

"మానేస్తానండి" అన్నాడు పైకి చూస్తూ. "ఇంక రాయను."

సరైన జవాబు. ఆమె క్లిప్పు పెట్టి లోపలికెళ్లిపోయింది.

"పేపరు లాగేసుకున్నాక రాస్తే ఎవరు దిద్దుతారు బాబూ" అన్నారు జగన్నాధం గారు, కోపమేమీ లేకుండా. ఎండన పడి వచ్చారు, మంచినీళ్లు తాగి వెళ్లమని గేటు తీశారు. ఎవరూ లోపలికి అడుగుపెట్టలేదు. జగ్గమ్మ మాత్రం వెళ్లి, రెండు గ్లాసులు తాగి, ముహూర్తం ఎప్పుడన్నారని అడుగుతూ వచ్చింది.

వ్యాను నెల్లిమర్ల దాటాక ముందు సీట్లో ధనరాజ్ గారు కండువా దులుపుకున్నారు. తర్వాత తేల్చేశారు. వద్దనేవాడు మొదటి లైన్లోనే వద్దని రాయాలి, సంతోషం అని మొదలెట్టి కథ నడుపుతాడా, ఆడిటర్లంతా ఇంతే, అందుకే ఆ పరీక్ష అలా ఏడుస్తోంది. చుట్టాలంతా నిజమేనన్నారు. కుమారి గారు ముక్కు చీదుకుని, ఆ పిల్ల జుంకాలు కూడా గిల్టువే అంది.

ఆనంద్‌కుమార్ కిటికీ పక్కన ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపు మాటలు కూడదీసుకుని ముందు సీటు మీదకి వంగాడు.

"నాన్నా, ఆ పరీక్ష నేనింక..."

"రాద్దువుగానిలే నానా" అన్నారు ధనరాజ్ గారు వెనక్కి తిరక్కుండానే. "ఫీజు నేను కడతాను."

వెనక సీట్లో జగ్గమ్మ తట్ట మీద గుడ్డ తీసి, మగ్గిపోతాయంటూ అరటిపళ్లు పంచడం మొదలుపెట్టింది. ఆనంద్‌కుమార్‌కి రెండొచ్చాయి.