కదలని ముల్లు

"మా ఆవిడ భలే స్థిమితమైన మనిషండీ. పెళ్లైనప్పటి నుంచి ఒక్కసారి గొంతు పెంచింది లేదు. ఎలా ఉన్నావని ఎప్పుడడిగినా బాగానే ఉన్నాననే అంటుంది." నిన్న భోజనానికొచ్చిన స్నేహితుడితో మా ఆయన అన్న మాట ఇది. వంటింట్లో అడుగంటిన గిన్నె తోముతున్న నాకు వినిపించాలనే అన్నాడు. మెచ్చుకోలే, కాదనను. కానీ నా చేయి ఆగిపోయింది. ఎప్పుడూ ఒకే అంకె చూపించే మీటర్ని నా ఉద్యోగంలో మెచ్చుకోకూడదు, అనుమానించాలి.

నేను అణు విద్యుత్ కేంద్రంలో భద్రతా మీటర్లను పరీక్షిస్తాను. లోపల ఒత్తిడి హద్దు దాటితే రియాక్టరును ఆపమని చెప్పే మీటర్లు మూడుంటాయి. ఒక్కటే గోల పెడితే ఎవరూ పట్టించుకోరు, దానికే ఏదో అయిందనుకుంటారు. రెండు ఒకే మాట అంటేనే రియాక్టరు ఆగుతుంది. మంచి ఏర్పాటే, మూడూ బతికున్నంత కాలం. బతికున్నాయో లేదో చూడటానికి ఒక్కోదాన్నీ విడదీసి, చేతిపంపుతో ఒత్తిడి పెట్టి, ముల్లు లేస్తుందేమో చూస్తాను. బాధపెడితే బదులు చెప్పాలి, అంతే పరీక్ష.

ఇవాళ మూడోది లేవలేదు. పంపు కొట్టి కొట్టి నా భుజం లాగేసింది గానీ అది మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉండిపోయింది. మా సార్‌ని పిలిచాను. మరమ్మతులకని ఆపిన కేంద్రాన్ని రేపు నడపాలి, ఆయన తొందర ఆయనది.

"దీన్ని మార్చాలి సార్. చచ్చిపోయింది."

"నెలల తరబడి ఒకే రీడింగ్ ఇస్తోంది కదమ్మా. ఇంత స్టెడీగా ఉన్నదాన్ని పట్టుకుని చచ్చిపోయిందంటావేంటి?"

"అందుకే అంటున్నా సార్."

"ఇంట్లో ఏమైనా గొడవా? పొద్దున్నుంచీ మొహం అదోలా పెట్టావ్."

పక్కనున్నవాళ్లు నవ్వారు. నా దగ్గరే పని నేర్చుకున్న ఇంజనీరును పిలిచి, "నువ్వు చూడవయ్యా" అన్నారు సార్. అతను పంపు కొట్టాడు, కదల్లేదు. మీటరు పక్కన వేళ్లతో చిన్నగా తట్టాడు. ముల్లు ఉలిక్కిపడి లేచింది. "చూశావా? బానే ఉంది," అన్నారు సార్. తడితే లేచేది మళ్లీ ఇరుక్కుంటుందని, ప్రమాదం వచ్చిన రోజున తట్టడానికి అక్కడ ఎవరూ ఉండరని చెప్పాను. "మిగతా రెండూ ఉన్నాయిగా. రెండు చాలు," అన్నారు. బాగుందని సంతకం పెట్టనన్నాను. దానికేం, అతను పెట్టాడు. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే ఇంట్లో గొడవేనని ఖాయం చేసేస్తారు కాబట్టి మింగేశాను.

ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, తిన్నగా వంటింట్లోకే వెళ్లాను. పొద్దుటి గిన్నెలన్నీ సింకులో అలాగే ఉన్నాయి. హాల్లో అత్తయ్య టీవీ చూస్తోంది. మంచినీళ్లకొచ్చిన మా ఆయన, "అలా ఉన్నావేంటి?" అంటూ భుజం మీద తట్టాడు. తట్టగానే నా మొహం మీదికి నవ్వొచ్చేసింది. నేను తెచ్చుకోలేదు, అదే వచ్చింది. నాకు నిజంగా భయమేసింది.

"నేను బాగాలేను," అన్నాను, గొంతు పెంచి. "ఇవాళే కాదు. చాలా ఏళ్లుగా బాగాలేను."

ఆయన చేయి తీసేశాడు. నన్ను వింతగా చూసి, హాలు వైపు తిరిగాడు.

"అమ్మా, ఈమె బానే ఉంది కదా?"

అత్తయ్య టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"బానే ఉందిరా. దానికేం?"