చేపల చేతికి బుల్లిపెట్టె

కోటబొమ్మాళి బజారులో నగరేశ్వరరావు సెల్‌ఫోన్ సామాన్ల కొట్టు తెరిచి పది నిమిషాలైంది. బోణీ ఇంకా కాలేదు. కూతురు సింధు మాత్రం అద్దాల అరకి అడ్డంగా చేతులు కట్టుకుని నిలబడింది. అందులో ఆమె సొంతంగా తయారుచేసిన పన్నెండు బుల్లిపెట్టెలున్నాయి. అరచేతిలో ఇమిడేవి, బొత్తాలవి. సగం ఆటలు, సగం డైరీ. నెల నుంచి ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఆ అర చేజారితే ఆమె సోమవారం నుంచి బ్యాంకు కోచింగుకి వెళ్లాలన్నది ఇంట్లో ఒప్పందం.

అర ఖాళీ చేయించి ఫోను కవర్లు పెట్టించడానికి విశాఖ నుంచి డీలరు ఆనంద్‌కుమార్ దిగాడు.

"ఆటలాడేవాడు డైరీ రాయడమ్మా. రాసేవాడు ఆడడు. ఇద్దరికీ ఫోనుంది. దీనికి మార్కెట్టెక్కడిది?"

"మార్కెట్టంటే మీ విశాఖ ఒక్కటేనా అంకుల్?"

"ఒసే! అర కాళీ సెయ్యి," అన్నాడు తండ్రి.

"సెయ్యను."

అంతలో భావనపాడు లక్ష్మణమ్మ మెట్టు మీద చేపల గంప దించింది. పదిహేను రోజుల కిందట సింధు వాడి చూడమని ఒక పెట్టె ఇచ్చింది ఆమెకే.

"ఇంకోటియ్యి పాపా. మా కోడలు దేవి నాది లాక్కుని ఆటాడేస్తన్నాది."

నీసు వాసనకి ముక్కు మూసుకున్న నగరేశ్వరరావు, "అవి అమ్మం. ఇంటికి ఎల్లిపోతన్నాయి," అన్నాడు.

"బోణీ బేరం పొమ్మంటావేటి సావుకారూ?"

ముప్పై ఏళ్లలో నగరేశ్వరరావు తొలి బేరాన్ని ఒట్టి చేతులతో పంపింది లేదు.

ఆనంద్‌కుమార్ నవ్వుతూ తన ఫోను చాపాడు. "ఇందులోనూ అన్నీ ఉన్నాయి. నొక్కి చూడు."

లక్ష్మణమ్మ తడి వేలితో నొక్కింది. తెర ఉలకలేదు. మళ్లీ నొక్కింది. ఓ పొలుసు అంటుకుంది.

"నా సెయ్యి ఆరీదెప్పుడు బాబూ?" అంటూ నడుముకు దోపుకున్న బుల్లిపెట్టె తీసి టక్కున బొత్తం నొక్కింది. ఇళ్ల బొమ్మలొచ్చాయి. "ఈ సుక్కెట్టినింట్లో లచ్చివారం నీసు ముట్టరు. ఈలు శనివారం. మునుపు మర్సిపోయి గుమ్మంలో సేపలని కేకేసి తిట్లు తినీదాన్ని."

"మరి ఆటలెందుకు?" అన్నాడు ఆనంద్‌కుమార్.

"పడవలొచ్చీదాకా నీ మొకం సూస్తా కూకోమంటావేటి?"

సింధు నవ్వాపుకుని కొత్త పెట్టె చేతిలో పెట్టింది. లక్ష్మణమ్మ తడి నోట్లు బల్ల మీద పెట్టింది. నగరేశ్వరరావు వాటి వైపు, కూతురి వైపు చూశాడు. ముక్కు మీది చెయ్యి తీసి, నోట్లు రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు.

ఆనంద్‌కుమార్ కవర్ల పెట్టెని అర వైపు జరిపాడు. సింధు వెనక్కి తోసింది.

"ఇంకా పదకొండున్నాయి అంకుల్. అయిపోయాక రండి."

తండ్రి ఈసారి ఒసే అనలేదు.